పుర్రచేతి ముడి

చేపను పట్టి కూర వండుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పట్టి, ముద్దుగా చూసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాణ్ణి చూస్తేనే లోకానికి నవ్వు. మా ఇంట్లో అలాంటి పిచ్చివాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. నేను, మా చిన్నాన్న కొడుకు నాగచైతన్య. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. వినలేకపోతే తిట్టుకోండి. మీ తిట్లు నాకిప్పుడు లెక్కలోవి కావు.

నా పేరు ధనుంజయ. మాది కడప జిల్లాలో ఒక నేత ఊరు. ఒకే ఆవరణలో రెండు ఇళ్ళు, మధ్యలో మగ్గాల గది. చైతన్య చీరలు నేసేవాడు. నేను వాటిని మూటగట్టి, కోయిలకుంట్ల నుంచి రాజంపేట దాకా అంగళ్ళ చుట్టూ తిరిగేవాణ్ణి. వాడికి చేతిలో పనితనం, నాకు నోటిలో పనితనం. నాకు ముప్పై అయిదు దాటినా సంబంధం కుదరలేదు. నాకంటే ఏడేళ్ళు చిన్నవాడు, వాడికి కమలాపురం నుంచి శ్రీవాణి వచ్చింది. వెతికి తెచ్చింది నేనే. పిల్ల నెమ్మదస్తురాలు, నన్ను 'బావా' అని తప్ప ఇంకో మాటతో పిలిచి ఎరగదు.

మా ఊరి నుంచి బండి మీద ముప్పావు గంట పోతే పెన్న మీద డ్యాం. మా వీధి కొళాయిల్లో వచ్చేది కూడా ఆ నీళ్ళే. డ్యాం కట్టినప్పుడు ఒక ఊరు మునిగిపోయింది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే దాని మొండిగోడలు బయటికి వస్తాయి, వానలు పడితే మళ్ళీ లోపలికి పోతాయి. ఒడ్డున ఏసన్న గుడిసె. ఏసన్న బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి వేసుకుని వలలు వేసే మనిషి. మేము కొన్న రెండు కయాకులు అతని గుడిసె పక్కనే బోర్లించి పెట్టేవాళ్ళం. కయాక్ అంటే ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ, ఇంకేమీ కాదు.

మేము పోయేది వాలుగల కోసం. పొలుసు లేని నున్నటి ఒళ్ళు, చెవుల దాకా చీలిన నోరు, నోటినిండా ముళ్ళలాంటి పళ్ళు. పొద్దు వాలాక గాని మేతకు లేవదు. పెద్దది తగిలితే పడవతో సహా మనిషిని ఫర్లాంగు దూరం ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పులో ఉన్న సుఖం కోసమే పోయేది. తర్వాత వదిలేసేవాళ్ళం.

వదలడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అదంతా చైతన్య పెట్టింది. చేతులు తడుపుకోకుండా చేపను ముట్టకూడదు, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు ఊడిపోయి పుండవుతుంది. నీళ్ళ బయట ముప్పై లెక్కపెట్టేంత సేపే ఉంచాలి. ఆ తర్వాత తోక మొదట్లో ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి పెట్టి, నీళ్ళలో ముందుకు నెమ్మదిగా తోస్తూ ఉండాలి. మొప్పల్లోంచి నీళ్ళు పారి దానికి ఊపిరి కూడుతుంది. అది తనంతట తాను తోక విదిలించాకే చెయ్యి తీయాలి. తీసేటప్పుడు వాడు ప్రతి చేపతోనూ ఒకే మాట అనేవాడు.

"పోపో... బలిసి రా."

నాకు ఫోటోల పిచ్చి. చేపను ఒళ్ళో పెట్టుకుని అటు తిప్పు, ఇటు తిప్పు అనేవాణ్ణి. వాడు పక్క పడవలోంచి పైకి లెక్కపెట్టేవాడు. "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... అన్నా, దించు. సచ్చిపోతాది." నేను నలభైకి గాని దించేవాణ్ణి కాదు. వాడి గుండెల మీద ఎప్పుడూ ఒక చిన్న కెమెరా, పట్టీలతో వీపు వెనక బిగించి ఉండేది. అన్నీ వీడియో తీసి ఫోనులో నలుగురికీ చూపేవాడు. ఆ పట్టీల మీద లైఫ్ జాకెట్ పట్టదని జాకెట్ తీసి సీటు వెనక పడేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అది మాత్రం వాడి తప్పే.

ఒకసారి పట్టిన చేపను మళ్ళీ పడితే గుర్తుపట్టాలి కదా. దానికి మా ఇంటి విద్యే వాడాం. వీపు మీది రెక్కకు సూదితో చిన్న బెజ్జం వేసి, ఎర్ర నూలు పోగు దూర్చి ముడి వేసేవాళ్ళం. మగ్గం మీద తెగిన పడుగును అతికే ముడి అది. నేత ఇంట్లో పుట్టినవాడు నిద్రలో కూడా వేస్తాడు. చైతన్యది పుర్రచెయ్యి. నా ముడి కొస కుడికి వాలితే, వాడిది ఎడమకు వాలుతుంది. వీధి మొత్తంలో ఎడమకు వాలే ముడి వాడొక్కడిదే. చీర చూసి ఇది చైతన్య నేసింది అని చెప్పేవాళ్ళు.

చేప రెండోసారి పడితే అదే పోగుకు రెండో ముడి. మూడోసారి పడితే మాత్రం మూడో ముడి వేసి, ఇంటికి తీసుకుపోయి వండుకోవచ్చు. ఈ షరతు నేను పెట్టింది. ఎంత మంచివాళ్ళమైనా నోరంటూ ఒకటుంది కదా. "మూడు తూర్లు మన చేతికే వచ్చిందంటే అది మనకు రాసిపెట్టిందేరా" అంటే వాడు నవ్వి ఒప్పుకున్నాడు. అంత దాకా వచ్చే చేప ఉండదని వాడి ధైర్యం.

ఏసన్న మమ్మల్ని చూసి తల కొట్టుకునేవాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేలప్పా? పట్టేదెందుకు, ఇడిసేదెందుకు? మా నాయన చెప్తాండె. గాలి తాగిన చేపను నీళ్ళల్లో ఇడిస్తే, అది పోయి అడుగున ఉండేటోళ్ళకు నేర్పుతాదంట."

"ఏం నేర్పుతాది?"

"మీరు దానికి ఏం జేస్తే అది."

మేము నవ్వాం. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను.

పోయిన ఆషాఢంలో కొత్త నీళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం నా గాలానికి ఒక వాలుగ పడింది. మనిషి కంటే పొడుగు. ఇరవై నిమిషాలు పోట్లాడి పడవ పక్కకు తెచ్చాను. వీపు మీద వెలిసిపోయిన పోగు, దానికి రెండు ముళ్ళు. ఇది మూడోసారి.

తర్వాత జరిగిందని ఊరికి నేను చెప్పింది ఇది. నేను చేపతో దూరంగా ఉన్నాను, తిరిగి చూసేసరికి తమ్ముడి పడవ బోర్లా పడి ఉంది, మనిషి లేడు. అందరూ నమ్మారు. గజ ఈతగాళ్ళు మూడు రోజులు వెతికారు. శవం దొరకలేదు.

జరిగింది ఇది. చైతన్య పడవ పక్కకు తెచ్చి చేప పొట్ట చూశాడు. "కడుపుతో ఉండాదన్నా. ఈ తూరి వద్దు, ఇడిసిపెడదాం" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. వాడు కత్తి తీసి నా గాలం తాడు తెంపడానికి వంగాడు. నేను వాడి భుజం పట్టి తోశాను. గట్టిగా కాదు. ఎంత గట్టిగానో ఇప్పుడు చెప్పలేను. వాడి పడవ తిరగబడింది, కత్తి జారిపోయింది, బెదిరిన చేప గిరుక్కున తిరిగి తాడును వాడి కాలికి చుట్టేసింది. వాడు ఎడమచేత్తో నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"అన్నా... తాడు కొయ్యి."

నా నడుముకు కత్తి ఉంది. నేను తీయలేదు. ఇంకొక్క నిమిషం ఓపిక పడితే చేప అలిసిపోతుంది, తమ్ముడూ దక్కుతాడు, చేపా దక్కుతుంది అనుకున్నాను. అది అలవలేదు. నా పడవ ఒరగడం మొదలుపెట్టింది. అప్పుడు వాడి వేళ్ళు ఊడదీశాను. ఒక్కొక్కటే. చిటికెన వేలితో మొదలుపెట్టి.

వాడు అరవలేదు. నా మొహంలోకే చూస్తూ దిగిపోయాడు. కెమెరా ఎర్రలైటు మాత్రం నీళ్ళలో చాలాసేపు కనిపించింది. దాని కన్ను కూడా నా వైపే.

శ్రీవాణి బొట్టు తీయలేదు. "ఆయన్ని కండ్లతో చూడందే నేను తీయను" అని కూర్చుంది. పెద్దవాళ్ళు చెప్పి చూశారు, వాళ్ళమ్మ ఏడ్చి చూసింది. పది నెలలు. పొద్దున్నే ఆ పిల్ల నుదుట బొట్టుతో కొళాయి దగ్గర ఎదురుపడితే నాకు ఒళ్ళు మండేది. దుఃఖం అని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు, కోపమే.

ఈ ఏడు మే నెలలో ఎండలు మండిపోయాయి. డ్యాంలో నీళ్ళు అడుగంటాయి. ఒక మధ్యాహ్నం శ్రీవాణి మజ్జిగ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి నిలబడింది.

"బావా, నిన్న ఏసన్న దగ్గరికి పోయొచ్చినా. ఎల్లుండి ముంపు ఊరి గుంతలో పెద్ద వల లాగుతాండారంట. ఆయన కెమెరా దొరికితే నా చేతికే ఇమ్మని చెప్పినా."

"పది నెలలు నీళ్ళలో ఉన్నది ఏం పనికొస్తుందమ్మా?"

"లోపల కార్డు చెడిపోదంట బావా. కడపలో అంగడాయన చెప్పినాడు. ఆఖరుకు ఆయన ఏం చూసినాడో నేను చూడాల."

మజ్జిగ గ్లాసు పక్కకు జరిపాను. ఆఖరుకు వాడు చూసింది నన్నే.

మర్నాడు సాయంత్రమే బయలుదేరాను. సంచిలో పాతాళగరిగె వేసుకున్నాను. బావిలో పడ్డ బిందెలు తీసే ఇనప కొక్కేల గుత్తి అది, మా అవ్వ కాలం నాటిది. మగ్గానికి కట్టే గట్టి తాడు దానికి ముడేశాను. వల పడే లోపల ఆ కెమెరా నా చేతికి రావాలి. నాకు కావలసింది అంతే. తమ్ముడి ఎముకలు వచ్చినా మళ్ళీ లోపలికే తోసేద్దామనుకున్నాను.

"ఈ మాపటేల ఎందుకప్పా?" అన్నాడు ఏసన్న, పడవ దించుతూ.

"వాలుగలకు."

"ఆ గుంత పక్కకు పోవద్దు. నా వల నాలుగు దినాలుగా ఆడ ఒట్టిగానే వస్తాండాది. చేపలుండాయి, కనపడతాండాయి. వలకు మాత్రం రాలేదు. ఎవరో చేత్తో పక్కకు తోసినట్ల పోతాండాయి."

నేను జాకెట్ జిప్పు పైదాకా లాగి, తలకు లైటు కట్టుకుని తెడ్డు వేశాను.

పొద్దు గుట్టల వెనక్కి దిగింది. ఎండకు కాగిన నీళ్ళ నుంచి వెచ్చటి ఆవిరి, దాంతో పాటు కుళ్ళిన నాచు వాసన, చచ్చిన నత్తల వాసన. ఒడ్డున ఆరుతున్న బురద పగుళ్ళిస్తూ టక్, టక్ మంటోంది. ముంపు ఊరి గోడలు ఒక్కటొక్కటే ఎదురయ్యాయి. ఒక గడప, తలుపుల్లేకుండా. ఒక రోలు, బురదలో సగం దిగి. వీధి అనుకున్న చోట వీధిలోంచే పోయాను. తెడ్డు నుంచి కారే చుక్కల చప్పుడు గోడలకు తగిలి వెనక నుంచి వినిపిస్తోంది. ఇంకెవరో నా వెనకే తెడ్డు వేస్తున్నట్టు రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఊరి దిగుడు బావి ఉన్నచోటే ఆ గుంత. చుట్టూ నీళ్ళు మోకాటి లోతే, అక్కడ మాత్రం అడుగు అందదు. కప్ప అరుపు కూడా లేదు. నేను పాతాళగరిగె వదిలాను. తాడు చేతుల్లోంచి జారుతూ జారుతూ పోయింది. అడుగు తగిలాక నెమ్మదిగా ఈడ్చాను.

మొదటిసారి చిరిగిన వల ముక్క వచ్చింది. రెండోసారి ఒక సైకిలు చక్రం. అప్పటికి వెలుగు పూర్తిగా పోయింది. మూడోసారి కొక్కెం ఏదో మెత్తటిదానికి తగిలింది. లాగాను. బరువుగా, తన్నుకుంటూ వచ్చింది.

వాలుగ. మూడు అడుగులుంటుంది. లైటు దాని వీపు మీద పడింది.

ఎర్ర పోగు.

మేము కట్టిన పోగులు పది రోజుల్లో వెలిసిపోతాయి. ఇది అప్పుడే రంగు తొట్టిలోంచి తీసినట్టుంది. కొస ఎడమకు వాలి ఉంది.

పాతదే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నాచులో దాగి రంగు పోలేదేమో. చేపను విదిలించి పడేశాను. అది పోలేదు. పడవ పక్కనే తిరిగి నీళ్ళ మీదికి తల పెట్టింది. దాని పక్కన ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. లైటు అటూ ఇటూ తిప్పాను. గుంత నిండా వాలుగలు. అన్నీ నోళ్ళు పైకి పెట్టి నా వైపే తిరిగి ఉన్నాయి. అన్నిటికీ వీపు మీద ఎర్ర పోగు. అన్ని ముళ్ళూ ఎడమకే.

మేమిద్దరం రెండేళ్ళలో కట్టింది మొత్తం పద్నాలుగు చేపలకు. నేను ముప్పై దాకా లెక్కపెట్టి మానేశాను.

తెడ్డు అందుకోబోయాను. పాతాళగరిగె తాడు కదిలింది. నేను లాగలేదు. నా చేతిలోంచే... నెమ్మదిగా... ఎవరో మగ్గం మీద పోగు బిగువు చూసినట్టు... ఒకసారి లాగి వదిలారు. మళ్ళీ లాగి వదిలారు.

"చైతూ?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

చేపలన్నీ ఒక్కసారిగా మునిగిపోయాయి. నీళ్ళు సద్దుమణిగాయి. పడవ అడుగున, సరిగ్గా నా కాళ్ళ కింద, ప్లాస్టిక్కుకు ఆనించి ఎవరో గుసగుసగా అన్నారు.

"అన్నా... చెయ్యి తడుపుకో."

నేను కదల్లేదు. ఊపిరి కూడా తీయలేదు. పడవ అంచు మీదికి ఒక వేలు వచ్చింది. చిటికెన వేలు. దాని పక్కన ఇంకొకటి. ఒక్కొక్కటే... తొందరేమీ లేకుండా... అయిదూ వచ్చాయి. ఎడమచెయ్యి. నానిపోయి తెల్లగా ఉంది. నడుముకున్న కత్తి తీశాను. ఈసారి తీశాను చూడండి. వేళ్ళ మీద పొడిచాను. కత్తి ప్లాస్టిక్కులో దిగింది. చెయ్యి నా మణికట్టు మీద ఉంది.

పడవ తిరగబడింది.

జాకెట్ వేసుకునే ఉన్నాను. అయినా తేలలేదు. రెండు చీలమండలనూ కలిపి ఒక చెయ్యి పట్టుకుంది. ఇంకో చెయ్యి పొట్ట కింద ఆనింది. ఎంత మెత్తగా పట్టుకుందో చెబితే మీరు నమ్మరు. పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు అలా పట్టుకుంటారు. కొట్టుకున్నాను, గింజుకున్నాను. పట్టు బిగియలేదు, వదలలేదు.

చెవి పక్కన లెక్క మొదలైంది.

ఒకటి... రెండు... మూడు...

వాడి గొంతే. పడవలో కూర్చుని నా ఫోటోకు లెక్కపెట్టే గొంతే. పదిహేను దగ్గర నా నోట్లోంచి గాలి పోయింది. ఇరవై దగ్గర చెవులు హోరెత్తాయి. ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ముప్పైకి వాడు వదులుతాడు. వాడి పద్ధతి అది. వాడు దయగలవాడు. పురుగును కూడా నలపడు.

ముప్పై.

ముప్పై ఒకటి.

అప్పుడు అర్థమైంది. నలభై దాకా పోతాడు. నేను పోయినంత దాకా.

ముప్పై అయిదు దగ్గర పొట్ట కింది చెయ్యి తొలగింది, కుడి చెవి వెనక ఏదో గుచ్చుకుంది. సూది. చర్మంలో ఒకవైపు దూరి, ఇంకోవైపు తేలింది. దాని వెంట సన్నగా ఏదో జారింది. బిగిసింది. నీళ్ళు మింగుతూనే అనుకున్నాను, ఇది ముడి అని. ఆ వేళ్ళ తిప్పుడు చిన్నప్పటి నుంచి మగ్గం దగ్గర చూసిందే.

నలభై.

తల నీళ్ళ మీదికి వచ్చింది. చెయ్యి మళ్ళీ పొట్ట కిందికి వచ్చి నన్ను ముందుకు తోస్తోంది, నెమ్మదిగా, మెత్తగా, ముక్కులోకీ నోట్లోకీ గాలి పారేటట్టు. దగ్గాను, కక్కాను. చెయ్యి ఓపిగ్గా కాచుకుంది. నా కాళ్ళు తమంతట తామే ఒక్క తన్ను తన్నాయి.

పట్టు వదిలింది.

"పోపో అన్నా..." అంది గొంతు. "బలిసి రా."

ఏసన్న నన్ను ఒడ్డున చూసేటప్పటికి ఎనిమిది కూడా కాలేదట. నాకు తెలివి వచ్చింది మర్నాడు ఆసుపత్రిలో. ఏసన్న మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. నా వంక చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"ఊపిరాడ్లేదని నీ జాకెట్ జిప్పు ఇప్పినా అప్పా. లోపల చొక్కా మీద మీ తమ్ముని కెమెరా ఉండాది. పట్టీలు వీపు వెనక బిగిచ్చి ఉండాయి. అంత నాచు పట్టిందానికి ఎర్రలైటు ఎలుగుతాండాది. నువ్వు యాడ తీసినావు? జాకెట్ లోపలికి ఎట్ల ఏసుకున్నావు?"

"అది యాడుండాది ఇప్పుడు?" అన్నాను.

"ఆయమ్మకు ఇచ్చేసినా. మాటిచ్చినా కదప్పా."

డాక్టరు వచ్చి నా చెవి వెనక చూశాడు. చర్మం కింద నుంచి కుట్టిన ఎర్ర పోగు, బయట ఒక ముడి. ఎవరు కుట్టారని అడిగాడు. కత్తెర పెట్టి పోగు కొనను కొంచెం తుంచాడు. తెగిన పోగులోంచి రక్తం వచ్చింది. నూలులోంచి రక్తం. కత్తెర పక్కన పెట్టి, పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చాడు. నేను ఇంటికే వచ్చాను.

ఆ సాయంత్రం శ్రీవాణి వచ్చింది. నుదుట బొట్టు లేదు. మెడ ఖాళీగా ఉంది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. చేతిలో ఇత్తడి చెంబు, నిండా నీళ్ళు. మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చూసినా బావా," అంది.

"ఏం... ఏం కనపడింది?"

"మీ మొగం. ఆయన అడిగింది కూడా ఇనపడింది. తాడు కొయ్యమని."

నేను లేచి కూర్చున్నాను. కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, తిడుతుందనుకున్నాను, పోలీసులు బయటే ఉన్నారేమో అనుకున్నాను. "తల్లీ, నేను కావాలని..."

"ఎవరికీ చూపియ్యలేదు. కార్డు పొయ్యిలో ఏసేసినా." నెమ్మదిగా లేచి నా పక్కకు వచ్చి, చెవి వెనక జుట్టు తొలగించి చూసింది. "ఆయన ముడే," అంది. "ఒకటే పడింది. ఇంకా రెండుండాయి. మీరు పెట్టిన షరతే కదా బావా. ఆయన మీ మాట ఎప్పుడూ దాటలేదు."

చెంబు మంచం పక్కన పెట్టింది.

"నీళ్ళు తాగండి. కొళాయివే."

ఆమె పోగానే చెంబు తీసుకుపోయి వీధి కాలవలో వంచేశాను. అది జరిగి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో నేను స్నానం చేయలేదు. తాగడానికి వేరే ఊరి నుంచి క్యాను తెప్పించుకుంటున్నాను. డ్యాం వైపు కాదు గదా, మా వీధి కొళాయి వైపు కూడా పోలేదు. రాత్రి తలుపుకు గొళ్ళెం పెట్టి, దానికి అడ్డంగా చీరల మూటలు పేర్చి పడుకుంటున్నాను. మగ్గాల గదిలో ఎవరూ లేరు, నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. శ్రీవాణి కమలాపురం వెళ్ళిపోయి వారం అయింది.

ఇవాళ తెల్లారి దగ్గుతో మెలకువ వచ్చింది. దిండు తడిసి ఉంది. గదంతా నత్తల వాసన. దగ్గితే గొంతులోంచి నీళ్ళు వచ్చాయి, గుక్కెడు, బురద రంగులో. చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చాను.

రెండు ముళ్ళున్నాయి.

గొళ్ళెం వేసినట్టే ఉంది. మూటలు కదల్లేదు. మంచం పక్కన ఇత్తడి చెంబు ఉంది, అంచు దాకా నీళ్ళతో. నేను పెట్టలేదు. ఇప్పటికి మూడుసార్లు వంగి చూశాను. నీళ్ళ మీద ఒక ఎర్ర పోగు తేలుతోంది. జానెడు ఉంటుంది. ఒక ముడికి సరిపోతుంది.